తలుపు వెనుక జరుగు పని
(జీవనోపాధి పాఠము – చిన్న గ్రూమింగ్ దుకాణము నడుపువారికి)

చదువవలసిన భాగములు: ఆదికాండము 31:36–42, సామెతలు 12:10, కొలొస్సయులకు 3:22–24



మన సంఘములలోని యౌవనస్థులు ఈ దినములలో చేయుచున్న పనుల పేర్లు చెబితే మన తాతలకు అర్థమయ్యేవి కావు. పెంపుడు కుక్కలకు స్నానము చేయించి, చిక్కులు విడదీసి, బొచ్చు కత్తిరించి, గోళ్ళు తీసి, చెవులు తుడిచి పంపించే పని అట్టిది. దీనిని గ్రూమింగ్ అంటున్నారు. బెంగళూరులో నేను ఈ పనే చేసుకొని కుటుంబమును పోషించుకొంటున్నాను. ఇదే పనిలోనికి వచ్చిన ఇద్దరు తమ్ముళ్ళు, ఒకరు చెన్నైలో, ఒకరు పూణెలో, ఈ మధ్య ఒకే ప్రశ్న వేశారు. "అన్నా, మా వీధిలోనే మూడు షాపులు వచ్చాయి. వాటి మధ్య మన చిన్న షాపు ఎట్లా నిలబడాలి?" వారికి ఫోనులో చెప్పిన జవాబునే ఇక్కడ పాఠముగా వ్రాయుచున్నాను. టైలరింగ్, మెకానిక్, బ్యూటీ పార్లర్ పనులలో ఉన్నవారు దీనిని తమ పనికి అన్వయించుకొనవచ్చును.

పేరు చెప్పుకొనుట

మొదటి సంవత్సరము బంధువుల పెండ్లిలో ఒక పెద్దాయన నన్ను "కుక్కలకు క్షవరము చేసేవాడు" అని పదిమందికి పరిచయము చేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి అన్నము సహించలేదు. మా అమ్మ కూడ చాలాకాలము "మా వాడు పశువుల డాక్టరు దగ్గర ఉన్నాడు" అని చెప్పుకొనేది. ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. అయితే పని పేరు చెప్పుటకు సిగ్గుపడేవాడు ఆ పనిని పూర్తిగా నేర్చుకొనుటకు కూడ సిగ్గుపడతాడు. వేరే ఉద్యోగము దొరికేవరకే గదా అని సగము నేర్చి ఆపేస్తాడు. చిన్న దుకాణములు పోటీలో పడిపోవుటకు ఇది మొదటి కారణమని నా అభిప్రాయము.

మన చరిత్ర మనకే గుర్తు లేదు. ఒంగోలు ప్రాంతములో 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వర్తకుడు. ఆయన మాట విని వచ్చినవారిలో అనేకులు తోలుపని చేసినవారే. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మము పొందిన సంగతిని ప్రతి జూబిలీ సభలోను చెప్పుకొంటాము. వారు చేతులతో ఏ పని చేసి బ్రదికారో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము తడబడతాము. పేతురు యొప్పేలో ఎవరి ఇంట దిగాడో అపొస్తలుల కార్యములు 9:43లో చూడండి. తోలు వాసన వచ్చే ఇంటిలోనే ఆయన చాలా దినములు ఉన్నాడు. షాంపూ వాసన వచ్చే మన దుకాణము అంతకన్న నయమే.

పోటీ ఎక్కడ ఉన్నది?

పెద్ద దుకాణములవారికి ఏసీ ఉన్నది, రంగు దీపాలు ఉన్నవి, స్నానము తరువాత ఫొటో తీయుటకు పూలతో అలంకరించిన మూల ఉన్నది. మరికొందరు వ్యానులోనే తొట్టి, డ్రయ్యర్ పెట్టుకొని ఇంటి ముందుకు వస్తారు. ఫోనులో బుక్ చేస్తే ఇంటిలోనికే వచ్చి చేసేవారు ఉన్నారు. వీటిలో దేనితోనూ మనము సమానముగా పరుగెత్తలేము. అప్పుడు చాలామందికి తోచే ఉపాయము ఒక్కటే, రేటు తగ్గించుట.

దాని లెక్క చూడండి. షిట్జూ వంటి పొడవు బొచ్చు కుక్కకు దువ్వి, స్నానము చేయించి, పూర్తిగా ఆరబెట్టి, కత్తెర వేసి, గోళ్ళు చెవులు చూచుటకు గంటన్నర నుండి రెండు గంటలు పట్టును. ఒక మనిషి రోజుకు నాలుగు కుక్కలు చేస్తే మంచి పని. రేటు సగము చేసి అదే ఆదాయము కావాలంటే ఎనిమిది చేయాలి. ఆ మిగతా గంటలు ఎక్కడనుండి వస్తాయి? కుక్క శరీరములోనుండి వస్తాయి. తడిసిన కుక్కను బోనులో పెట్టి, బోనుకు వేడి డ్రయ్యర్ తగిలించి, మనము తరువాతి కుక్క దగ్గరకు వెళతాము. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పట్టును, ఉక్కలో మిగతా వేడి ఎక్కువగా నాలుక చాచి రొప్పుట ద్వారానే పోవాలి. దాని మామూలు వేడే 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి పొట్టి ముక్కు కుక్కలకు ఆ రొప్పుట కూడ సరిగా చేతకాదు. మూసిన బోనులో కొద్ది నిమిషాలలోనే వడదెబ్బ తగులును. ఇట్లు ప్రాణము పోయిన కుక్కలు అనేక దేశములలో ఉన్నవి. బోనులో వేడిగాలి పెట్టుట మీ దుకాణములో ఉంటే ఈ పాఠము పూర్తిగా చదువకముందే మానివేయండి. చేతితో పట్టుకొని, గోరువెచ్చని గాలితో, కుక్క ప్రక్కన నిలువబడి ఆరబెట్టాలి.

ఈ వ్యాపారములో ఒక వింత ఉన్నది. టైలరు కుట్టు వంకరగా వేస్తే తెలిసిపోవును. హోటలువాడు ఉప్పు ఎక్కువ వేస్తే మొదటి ముద్దలోనే తెలియును. మన దగ్గరకు వచ్చేవారు కుక్కను అప్పగించి వెళ్ళిపోతారు. రెండు గంటల తరువాత వచ్చి మెడలో రిబ్బను, ఒంటిమీద సువాసన చూచి డబ్బు ఇస్తారు. ఆ రెండు గంటలలో తలుపు వెనుక దానిని కొట్టామా, భయపెట్టామా, మెడ బిగించి కట్టామా, చెవిలో నీళ్ళు పోశామా, చెప్పుటకు దానికి నోరు లేదు. కాబట్టి అసలైన పోటీ ఆ తలుపు వెనుకనే ఉన్నది. అక్కడ మనలను ఓడించగల పెద్ద దుకాణము లేదు, మనమే ఓడిపోతే తప్ప.

నేను ఓడిపోయిన సంగతి

రెండవ సంవత్సరము ఒక శనివారము సాయంత్రము. ఎనిమిదవ అంతస్తులో ఉండే ఒక అమ్మగారి బీగిల్ కుక్క వచ్చింది. గోళ్ళు నల్లనివి. గోరు లోపల కొంతదూరము వరకు రక్తనాళము ఉండును. తెల్ల గోరైతే అది గులాబి రంగులో బయటికి కనబడును, నల్ల గోరులో కనబడదు. కొంచెము కొంచెముగా పలుచని పొరలు తీస్తూ, కోసిన ముఖము మధ్యలో నల్లని తేమగల చుక్క కనబడగానే ఆపాలి. నాకు ఇది తెలుసును. బయట మరో రెండు కుక్కలు కాచుకొని ఉన్నవి గనుక ఒకే కోతలో తీశాను. కుక్క కేక పెట్టింది, రక్తము వచ్చింది. రక్తము ఆపే పొడి అద్ది గట్టిగా నొక్కి పట్టుకొంటే ఆగింది. తుడిచి, రిబ్బను కట్టి, "చక్కగా ఉన్నాడు మేడమ్" అన్నాను. ఆమె సంతోషించి 50 రూపాయలు అదనముగా ఇచ్చింది. తీసుకొన్నాను.

రాత్రి ఆ కుక్క సోఫా మీదనుండి దూకినప్పుడు మళ్ళీ రక్తము కారింది. తెల్లని గచ్చు మీద గదులన్నిటిలో అడుగుల ముద్రలు. పిల్లలు ఏడ్చారట. సోమవారము ఆమె దుకాణమునకు వచ్చింది. అరవలేదు. "డాక్టరుగారు ఇది చిన్న విషయమే అన్నారు. చిన్న విషయమే అయితే నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె మరి రాలేదు. ఆ అపార్టుమెంటునుండి వచ్చే ఇంకో నాలుగు కుక్కలూ రాలేదు. గోరు కోసినందుకు కాదు, చెప్పనందుకు.

ఆ వారమే ఆదికాండము 31వ అధ్యాయము చదువుట తటస్థించింది. యాకోబు అన్నిటిలో మాదిరి కాదు, ముందటి అధ్యాయములోని చారల కర్రల సంగతి మనకు తెలిసినదే. అయినను లాబానుతో ఆయన చెప్పుకొన్న మాటలలో ఒకటి నన్ను పట్టుకొన్నది. మృగములు చంపిన జీవము నష్టమును ఆయన యజమానికి చూపి మాఫీ అడుగలేదు, తానే భరించాడు. 20 సంవత్సరములు. మంద దూరముగా మేస్తున్నది, లాబాను చూడలేదు, గొఱ్ఱెలకు నోరు లేదు. తప్పించుకొనుటకు ఎంత సులువైన స్థలము! కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు దాసులతో మాటలాడుచున్నది కూడ ఇటువంటి స్థలమును గూర్చియే, యజమాని కన్ను లేని చోట జరుగు పనిని గూర్చి.

తరువాత చేసినవి

ఆ నెలలోనే మేస్త్రీని పిలిచి లోపలి గది తలుపునకు అద్దము పెట్టించాను. ఒక చిక్కు వచ్చింది. యజమాని కనబడితే చాలా కుక్కలు టేబుల్ మీద నిలువక దూకబోతాయి, అది ప్రమాదము. అందుచేత కూర్చునే బల్లను ప్రక్కకు జరిపాను. వారికి కుక్క కనబడును, కుక్కకు వారు కనబడరు. నిజము చెప్పాలంటే చాలామంది అయిదు నిమిషములు చూచి ఫోనులో పడిపోతారు. ఆ అద్దము వారికన్న నాకే ఎక్కువ మేలు చేసింది.

ప్రతి కుక్కకు ఒక కార్డు పెట్టాను. పేరు, వయస్సు, రేబీస్ టీకా తేదీ, ఏ కాలు ముట్టుకొంటే ఇష్టపడదు, చర్మము మీద ఏమి చూచాను, ఆ దినము ఏమి జరిగింది. గోరునుండి రక్తము వస్తే అదే వ్రాస్తాను, చెప్తాను, ఆ దినము గోళ్ళకు డబ్బు తీసుకొనను. రెండు గంటలపాటు ఒళ్ళంతా తడిమేది మనమే గనుక యజమానికి కనబడనిది మనకు కనబడును. చెవి అడుగున వాపు, వ్రేళ్ళ సందులో పిడుదులు, పొట్ట క్రింద గడ్డ. రోగము పేరు మనము చెప్పరాదు, మందు ఇవ్వరాదు, అది డాక్టరుగారి పని. "ఇక్కడ గడ్డ తగిలింది, చూపించండి" అని వ్రాసి ఇస్తే చాలును. ఒక ముసలి లాబ్రడార్‌కు అట్లే కనిపెట్టి చెప్పాము. ఆ ఇంటివారు తీసుకొనివచ్చిన క్రొత్త ఖాతాలు ఏ బోర్డువలన రాలేదు.

చిక్కుల సంగతి కొంచెము వివరముగా చెప్పాలి, ఎందుకంటే తగాదాలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. బొచ్చు జడలు కట్టి అట్టలైపోయిన కుక్కను తెచ్చి "కత్తిరించకుండ అందముగా చేయండి" అంటారు. తడిస్తే ఆ ముడి ఇంకను బిగిసిపోవును గనుక స్నానమునకు ముందే విడదీయాలి. చిన్న ముడులైతే వ్రేళ్ళతో, దువ్వెనతో వచ్చును. చర్మమునకు అంటుకొన్న అట్టలను దువ్వెనతో లాగుట హింస, అది మన జుట్టు పట్టుకొని గంటసేపు లాగినట్టు. క్లిప్పర్‌కు 10వ నంబరు బ్లేడు వేసి అడుగునుండి తీసివేయుటే దయ. బ్లేడు వేడెక్కును, మాటిమాటికి మన ముంజేతికి ఆనించి చూచుకోవాలి. అయితే ఇది కత్తిరించిన తరువాత చెప్పే మాట కాదు. ముందుగా యజమాని చేతిని తెచ్చి ఆ అట్టమీద పెట్టించి, "దీనికి ఇంత అదనము, బొచ్చు ఇంత పొట్టి అవును, లోపల చర్మము ఎర్రగా ఉండవచ్చును" అని చెప్పి ఒప్పుకొన్న తరువాతనే మిషను ముట్టుకోవాలి. రేట్ల బోర్డులో ఈ అదనము కూడ వ్రాసి పెట్టండి. బోర్డులో 700 చూపించి చేతిలో 1,100 బిల్లు పెడితే తప్పుడు తూకమునకు దీనికి భేదమేమి? (సామెతలు 11:1 చూడండి.)

ఎండాకాలములో పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీలను తెచ్చి గుండు చేయమంటారు. వీటికి రెండు పొరల బొచ్చు. లోపలి మెత్తని పొరలో రాలిన వెంట్రుకలను దువ్వి తీసివేస్తే గాలి ఆడును, పై పొర ఎండ తగులకుండ కాపాడును. గుండు చేస్తే ఆ కాపుదల పోవును, కొన్ని కుక్కలకు బొచ్చు నెలల తరబడి రాదు, వచ్చినను అతుకులు అతుకులుగా వచ్చును. డాక్టరు చెప్పితే తప్ప నేను చేయను. ఆ దినము ఆదాయము పోవును, వారు ప్రక్క దుకాణమునకు వెళ్ళి చేయించుకొంటారు కూడ. వెళ్ళినవారిలో కొందరు మరుసటి సంవత్సరము తిరిగి వచ్చారు, అందరూ రాలేదు. వస్తారని మాట ఇచ్చి ఈ పాఠము వ్రాయుట లేదు.

వీధిలోనుండి తెచ్చి పెంచుకొన్న నాటు కుక్కలను, ముధోల్, రాజపాళయం వంటి మన దేశపు జాతులను కొన్ని దుకాణములవారు అంతగా పట్టించుకొనరు. పొట్టి బొచ్చు, కత్తిరింపు లేదు, బిల్లు చిన్నది. మనము పట్టించుకొందాము. రబ్బరు బ్రష్షు, స్నానము, గోళ్ళు, చెవులు, నలువది నిమిషముల పని. వీధిలో దెబ్బలు తిన్న కుక్కకు మనిషి చేయి అంటేనే భయము. అటువంటిది మొదటిసారి వస్తే స్నానము చేయించను. తొట్టి దగ్గర కూర్చోబెట్టి, బిస్కట్టు పెట్టి, డ్రయ్యర్ శబ్దము దూరమునుండి వినిపించి, డబ్బు తీసుకొనకుండ పంపిస్తాను. రెండవసారి కాళ్ళు. మూడవసారి నీళ్ళు. నా దుకాణము "భయపడే కుక్కల షాపు" అని ఆ వీధిలో పేరు పడింది. పెద్ద దుకాణమువారే అట్టి కుక్కలను ఇటు పంపుచున్నారు.

శుభ్రత విషయములో మనుష్యుల షాంపూ వాడవద్దు. మన చర్మము కొంత ఆమ్ల గుణము గలది, కుక్క చర్మము అంత ఆమ్లము కాదు, పైగా పలుచన. ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనదని అనుకొంటాము గాని పార్వో వైరస్ విషయములో దానిని నమ్ముకొనరాదు. టేబుల్, తొట్టి ముందు కడిగి, తరువాత ద్రవ బ్లీచ్ ఒక పాలుకు 32 పాళ్ళ నీళ్ళు కలిపి పోసి 10 నిమిషములు ఉంచి మళ్ళీ కడగాలి. టీకాలు పూర్తికాని పిల్లలను చేర్చుకొనవద్దు. తామర వంటి మచ్చలు ఉన్నవాటిని గ్లోవ్స్ లేకుండ ముట్టవద్దు, అది మనకును మన ఇంటి పిల్లలకును అంటును. ఈ పనిలో ఉన్న ప్రతివారు రేబీస్ టీకా ముందుగానే వేయించుకోవాలి, మొదటి దినము, 7వ దినము, 21 లేక 28వ దినము. అయినను కరిస్తే సబ్బుతో పారే నీటిలో 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి వెళ్ళవలసినదే. దీనిని విశ్వాసము తక్కువగుటగా ఎంచువారు ఉంటే వారి మాట వినవద్దు.

కుక్కను తెచ్చేవారు

పట్టణములలో కుక్కను తెచ్చేది చాలాసార్లు యజమాని కాదు, డ్రైవరు లేక ఇంటిపని చేసే అక్క. పెద్ద దుకాణములో వారిని బయట నిలువబెడతారు. ఇక్కడ మనవంటి వలస కుటుంబములకు దేవుడు ఇచ్చిన ఒక వరము ఉన్నది. మనము ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా మాటలాడుచు పెరిగినవారము. ఆ అక్క భాషలోనే "రోజూ చెవుల వెనుక దువ్వండి, ఇట్లా" అని చేసి చూపిస్తే తరువాతి నెల అట్టలు ఉండవు. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇవ్వండి. ఏ దుకాణమునకు వెళ్ళాలో నిర్ణయించేది ఆమెయే అని నాకు చాలా ఆలస్యముగా తెలిసింది. అందుకొరకే మర్యాద చేయాలని కాదు గాని, సంగతి అది.

ఆదివారము

అందరికీ సెలవు ఆదివారమే. వారములో ఎక్కువ కుక్కలు వచ్చే దినము అదే. నేను మొదట మధ్యాహ్నము రెండునుండి తెరిచాను. ఆరాధనలో కూర్చుండి ప్రసంగము వినుటకు బదులు వాచీ చూచేవాడిని. ప్రభురాత్రి భోజనపు ఆదివారము కూడ జేబులో ఫోను మ్రోగుచునే ఉండేది. ఇప్పుడు ఆదివారము మూసివేసి, శనివారము రాత్రి తొమ్మిది వరకు, మంగళవారము ఉదయము ఏడునుండి తెరుస్తున్నాను. నష్టము లేదని చెప్పను, ఉన్నది. అద్దె కట్టలేని స్థితిలో ఉన్న తమ్ముడు ఆరాధన తరువాత తెరిస్తే అతనిని నేను తప్పుపట్టను, సంఘ పెద్దలును తొందరపడి మాటలాడవద్దని మనవి.

పెట్టుబడి గురించి ఒక్క మాట. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు అడిగి తీసుకొనండి. ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వము రుసుము తీసుకొనదు, మధ్యవర్తికి డబ్బు ఇవ్వవద్దు. ముద్రా పథకములో శిశు ఋణము 50,000 రూపాయల వరకు ఉన్నది. మంచి క్లిప్పర్, బ్లేడ్లు, చేతి డ్రయ్యర్, జారని టేబుల్ కొనుటకు అది సాయపడును. అలంకారమునకు అప్పు చేయవద్దు.

కూటములో మాటలాడుకొనుటకు

మీ పనిలో యజమానికి గాని కొనువానికి గాని ఎన్నడును కనబడని భాగము ఏది? అక్కడ గత నెలలో ఏమి జరిగింది? సామెతలు 12:10 పశువును గూర్చి చెప్పుచున్నది గదా, అది దుకాణములో జీతమునకు ఉన్న కుఱ్ఱవానికి ఎట్లు వర్తించును? మీ సంఘములో పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడే పని చేయుచున్న యౌవనస్థుడు ఉన్నాడా? ఉంటే వచ్చే నెల కూటములో అతని పనిముట్లు తెచ్చి చూపించమని అడగండి. పూణె తమ్ముడు తన కత్తెరల పెట్టె తెచ్చుటకు ఒప్పుకొన్నాడు.